మా తాత ఇచ్చిన పచ్చి నూనె సలహా

మా తాత ఆర్లన్ ట్రౌట్‌మన్ నూనె పట్టించిన తుపాకీని చూసి జింకలు పారిపోయేవి కావు. మూడు కొండల అవతలి నుంచి నడిచొచ్చి, ఆ తుపాకీ కర్రపిడి నునుపులో ముఖం చూసుకుని, చెవులు సర్దుకుని, ‘ఇక కానివ్వండి’ అన్నట్టు పక్కకు తిరిగి నిలబడేవి. నమ్మకం లేనివాళ్లు మా కెటిల్ హాలో ఊరికి వచ్చి విచారించుకోవచ్చు. జింకలు చెప్పలేవు కాబట్టి మా తాతనే అడగాల్సి ఉంటుంది.

ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు రంపపు మిల్లులో పనిచేసి, ఎడమచేతి చూపుడువేలి కొస అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. చదువు ఎనిమిదో తరగతి. నేను పదకొండులో మానేసి పాల ట్యాంకరు నడుపుతున్నాను. ‘చదువులో నీకంటే మూడు మెట్లు పైనున్నాను తాతా’ అని అప్పుడప్పుడు గుర్తుచేస్తాను. ‘ఆ మూడు మెట్లూ దిగొచ్చి ఈ గొట్టం పట్టుకోవే’ అంటాడు.

ఆయన రాజ్యం మా ఇంటి కింది నేలమాళిగ. మేపుల్ ఆకులు ఎర్రబడే వేళకు ఊళ్లోవాళ్లు తుపాకులు పట్టుకుని ఒక్కొక్కరే మెట్లు దిగేవారు. ఒకడి తుపాకీ ట్రక్కులోంచి జారి కర్రకు సొట్ట పడి ఉంటుంది. ఇంకొకడిది వానలో తడిసి గొట్టం తుప్పు పట్టి ఉంటుంది. మనిషి ఎవరైనా, తుపాకీ ఎవరిదైనా, చేతిలోకి తీసుకోగానే తాత ముందు గుండు పెట్టే అర తెరిచి ఖాళీగా ఉందో లేదో చూస్తాడు. తెచ్చినవాడు చూశానని చెప్పినా మళ్లీ చూస్తాడు. ఆ తరువాతే ‘ఏం తెచ్చావురా’ అంటాడు.

సొట్టకు ఆయన మందు తడిగుడ్డ, ఇస్త్రీపెట్టె. గుడ్డ పరిచి వేడిపెట్టె ఆనిస్తే ఆవిరి తాగిన అక్రోటు కర్ర తనంతట తానే ఉబ్బి పైకొస్తుంది. ఇస్త్రీపెట్టెలు మాత్రం నానమ్మవి. అలా ఐదు పోయాయి. చర్చికి వేసుకెళ్లే తెల్ల జాకెట్టు వీపు మీద గోధుమరంగు త్రికోణం ఒకటి అచ్చుపడ్డాక, ఆరోదాన్ని నానమ్మ మంచం కింద పెట్టెలో తాళం వేసి దాచుకుంది.

గొట్టానికి నీలం పట్టించడంలో మాత్రం ఈ కొండల్లో తాతకు సాటి లేరు. ఇది నా గొప్ప కాదు, ఆయనంటే పడనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. ఇనుముకు పల్చగా తుప్పు రానిచ్చి, నీళ్లలో ఉడికిస్తే ఆ తుప్పు నల్లబడుతుంది. ఉక్కు పీచుతో మెల్లగా రుద్ది మళ్లీ తుప్పుకు వదలాలి, మళ్లీ ఉడికించాలి. వారం రోజుల పని. ఆ వారమంతా మా ఇంట్లో చిక్కుడుకాయలూ తుపాకులూ ఒకే పొయ్యి మీద వంతులు వేసుకుని ఉడికేవి. వారం చివర బయటికొచ్చే గొట్టం రంగు, చలికాలం సూర్యుడు కొండ దిగిన తరువాత ఆకాశం ఉంటుందే, అలా ఉంటుంది.

ఇంత పనివాడి ఇంట్లో, చెయ్యకుండా మిగిలిపోయిన తుపాకీ ఒకటుంది. అది నానమ్మది.

నానమ్మ పేరు లెటీ. నలభై ఒక్క ఏళ్లుగా జింకల వేట సీజను మొదటి సోమవారం తెల్లవారే వేళకు కొండ మీద ఉండే మనిషి. తుపాకీ వాళ్ల నాన్న ఇచ్చినది, ఆవిడ భుజానికి సరిపోయేలా కర్ర కురచ చేయించినది. పట్టు జారకుండా చెక్కిన గళ్ల గీతలు ఆవిడ అరచేతి కింద అరిగి నున్నగా సబ్బుబిళ్లలా అయిపోయాయి. దాన్ని బాగుచేసి ఇస్తానని తాత నేను పుట్టిన ఏడాది మాట ఇచ్చాడు. అంటే ఈ కథ జరిగేనాటికి ఆ మాటకూ నాకూ ఒకే వయసు, ఇరవై రెండేళ్లు. నేను పెరిగాను. మాట ఉయ్యాలలోనే ఉంది. ఏటా అక్టోబరులో నానమ్మ ‘మరి నాది?’ అనేది. ‘ముందు క్లైడ్‌ది అవనీ లెటీ’ అనేవాడు తాత. క్లైడ్ తాతకు పాత బేరం. వాడిది అయ్యేసరికి ఇంకొకరిది ఉండేది.

ఇక డాక్టరు సంగతి.

డాక్టర్ వెండెల్ హాస్ మా ఊరి పళ్ల డాక్టరు. రోడ్డుకు అవతలి ఇల్లే. ముప్పై ఏళ్లు మా అందరి నోళ్లలో చేతులు పెట్టి, భార్య పోయాక ఆసుపత్రి మూసేసి, ఖాళీగా కూర్చోలేక ఒకరోజు తండ్రిగారి పాత తుపాకీ పట్టుకుని మా మెట్లు దిగాడు. ‘ఇది నా చేత్తో నేనే బాగుచేసుకోవాలని ఉంది. నేర్పుతారా?’ అన్నాడు. తాత పొంగిపోయాడు. చదువుకున్నవాడు వచ్చి తనను మీరు అంటున్నాడు మరి. ఉప్పుకాగితం ఏ వాలులో పట్టాలో, కాచిన అవిసె నూనెను అరచేతి మొదలుతో కర్ర వేడెక్కేదాకా ఎలా రుద్దాలో, అన్నీ చెప్పాడు.

మొదటి ఏడాది డాక్టరు పని చూసి తాత తెగ మురిసిపోయాడు, ఎందుకంటే అది ఘోరంగా ఉంది. రెండో ఏడాది ‘పరవాలేదు’ అన్నాడు. మూడో ఏడాది చూసి ఏమీ అనలేదు.

నాలుగో ఏడాది అక్టోబరులో మా ఊరి అగ్నిమాపక కేంద్రం ఫైర్‌హాల్‌లో ఊరందరి భోజనాలు జరిగాయి. తిన్నాక బల్లలు తుడిచి దుప్పట్లు పరిచి, ఎవరి తుపాకులు వాళ్లు పెట్టుకుని చూపించుకోవడం మా దగ్గర రివాజు. ఆ బల్లల దగ్గర తాత ఏటా పెళ్లికొడుకు తండ్రిలా తిరిగేవాడు. ఆ ఏడు క్లైడ్ మోయర్ తుపాకీ ముందు ఆగిపోయాడు. ఇరవై ఏళ్లుగా తాత చేతిలోనే పెరిగిన తుపాకీ అది. కర్ర మీద గీతలు కొత్తగా ఉన్నాయి.

“ఇదెవరు చేశార్రా?” అన్నాడు తాత.

“డాక్టరు చేశాడోయ్! వేలితో తడిమి చూడు, పిల్లి నాలుకలా లేదూ?” అన్నాడు క్లైడ్.

“నా దగ్గరికెందుకు తేలేదు?”

“నీకు తీరిక ఉండదేమో అనుకున్నాలే.”

“నాకా? పదకొండు రోజుల్నించి గోడకేసి చూస్తూ కూర్చున్నాను కదరా!”

తాత జేబులోంచి కళ్లజోడు తీశాడు. ఇంకో జేబులోంచి ఉక్కు స్కేలు తీశాడు. అంత మందిలో వంగి, గీతలు లెక్కపెట్టాడు. అంగుళానికి ఇరవై నాలుగు. ఆయనవి పద్దెనిమిది దాటవు.

“ఇరవై నాలుగు దేనికిరా? తుపాకీ పట్టుకోవడానికా, లేసు అల్లడానికా?” అన్నాడు అందరికీ వినపడేలా. ఒకరిద్దరు నవ్వారు. నానమ్మ మాత్రం వంగి, ఆ గీతల మీద బొటనవేలు మెల్లగా ఆనించి, ఒక్కసారి ఇటు నుంచి అటు రాసి, “నాకు నచ్చాయి” అంది.

ఆ రెండు ముక్కలూ తాత గొంతులో చేపముల్లులా దిగబడ్డాయి. ఇంటికొచ్చాక నానమ్మ బెల్లంపాకం నింపి కాల్చిన తీపి రొట్టె ముక్క కోసి పెడితే పళ్లెం వెనక్కి తోశాడు. “భోజనాల దగ్గర డాక్టరు దీన్ని మెచ్చుకున్నాడుగా. డాక్టరుకే పెట్టు.” మర్నాడు ఇంకా దూరం పోయాడు. తాత నోట్లో కట్టుడు పళ్లు డాక్టరు చేసినవే. వాటిని తీసి గ్లాసులో పడేసి, “వాడు చేసిన పళ్లతో నేను తినను” అన్నాడు. మూడు రోజులు పులుసు తాగాడు. నాలుగో రోజు నానమ్మ జింక మాంసం ఉల్లిపాయలతో వేయిస్తుంటే వాసనకు కిందినుంచి పైకొచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని గ్లాసులో చెయ్యి పెట్టాడు. నేను చూశాను.

“రాజీ కుదిరిందా తాతా?” అన్నాను.

“పళ్లు నావి. డబ్బిచ్చి చేయించుకున్నా” అన్నాడు నములుతూ.

అప్పట్నించి ఆయన కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాడు. డాక్టరు ఇంటి ముందు ఏ ట్రక్కు ఆగింది, ఎవడు దిగాడు, చేతిలో పొడుగు సంచి ఉందా లేదా. “అదిగో, నెవిన్ కూడా వెళ్తున్నాడు. వాడి నాన్న తుపాకీకి మూడుసార్లు నీలం పట్టించాను, ఆ సంగతి వాడికి గుర్తుందా?” అంటూ గాజు మీద ఆవిరి పట్టేదాకా గొణిగేవాడు. నెవిన్ చేతిలో ఉన్నది చేపలు పట్టే గాలపుకర్ర అని చెప్పినా వినలేదు.

సీజను ఇంకా పన్నెండు రోజులుందనగా ఓ పొద్దున డాక్టరే మా మెట్లు దిగాడు. టోపీ చేతిలో ఉంది. నేను బక్‌వీట్ పిండి అట్ల పళ్లెం మోకాళ్ల మీద పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాను.

“మీ సలహా కావాలి ఆర్లన్” అన్నాడు. “ఒక పెద్దావిడ తుపాకీ చేతికొచ్చింది. కర్ర బాగా పాతది, ఎండిపోయి ఉంది. గీతలు మళ్లీ చెక్కాను. కాచిన నూనె పల్చగా పూత మీద పూత వేస్తూ పోతే నెల పడుతుంది. సీజను మొదలయ్యే సోమవారానికి ఆవిడకు కావాలి. పాతకాలం వాళ్లకు ఏదైనా దగ్గర దారి ఉండేదా?”

తాత చేతిలో పని ఆపాడు. ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. అది మంచి వెలుగు కాదు.

“పచ్చి నూనె” అన్నాడు.

“కాచనిదా?”

“కాచనిదే. దండిగా పట్టించు. పొయ్యికి మూడడుగుల దూరంలో నిలబెట్టు. నాలుగు రోజుల్లో అద్దంలా ఆరుతుంది. మా నాన్న అలాగే చేసేవాడు.”

డాక్టరు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రెండుసార్లు కృతజ్ఞతలు చెప్పాడు. వెళ్లిపోయాడు.

పచ్చి అవిసె నూనె దండిగా పడితే నాలుగు రోజుల్లో కాదు, నాలుగు నెలల్లో కూడా ఆరదు. బంక కట్టి, తాకిన ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. ఇది నాకు తెలుసు, పన్నెండేళ్లప్పుడు మంచు మీద జారే నా స్లెడ్జి బండికి పట్టించి, ఆ చలికాలమంతా దానికి అతుక్కునే తిరిగాను కాబట్టి.

“తాతా, పచ్చిది ఆరదు కదా?”

“నోరు మూసుకుని అట్టు తిను.”

నేను తిన్నాను. అట్టు బాగుంది. ఆ తరువాత జరిగినదానిలో నా తప్పు కూడా ఉందని ఇప్పుడు రాస్తున్నాను. ఆ పూట తాత ఈల వేస్తూ పనిచేశాడు. ఎన్నాళ్ల తరువాతో బెల్లంపాకం రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. ‘ఎవత్తో ఒక పెద్దావిడ సోమవారం నాడు తుపాకీ భుజానికి అతుక్కుని దిగుతుంది, ఊరంతా చూస్తుంది’ అని నాతో అని, తనలో తాను నవ్వుకున్నాడు.

థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజు మధ్యాహ్నం నానమ్మ రోడ్డు దాటి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు వెంట డాక్టరు ఉన్నాడు. ఇద్దరి మధ్యా వార్తాపత్రిక చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి. దాన్ని వంటింటి బల్ల మీద తాత ముందు పెట్టింది. కాగితం లాగబోతే రాలేదు. పట్టి లాగితే చిరిగి వచ్చింది. కర్ర మీద వాతావరణ సూచన తిరగబడి అచ్చయి ఉంది. దాని చుట్టూ డాక్టరు పిల్లి వెంట్రుకలు.

తాత అలవాటు కొద్దీ అర తెరిచి, ఖాళీగా ఉందో లేదో చూశాడు. అప్పుడు తుపాకీని చూశాడు. కురచ కర్ర. ఆయన ముఖం పాలిపోయింది.

“ఇది నీది కదా లెటీ.”

“గుర్తుపట్టావే! ఇరవై రెండేళ్లయింది కదా, ఎవరిదో అనుకుంటావేమో అనుకున్నా.”

“అలమారలో సంచిలో ఉన్నదేంటి మరి?”

“కర్టెను కర్ర. అక్టోబరు నుంచీ అదే ఉంది. తెరిచి చూస్తే కదా.”

డాక్టరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. “తప్పు నాదే ఆర్లన్. మీరు చెప్పినట్టే చేశాననుకున్నాను. ఎక్కడో పొరపాటు చేసుంటాను” అన్నాడు.

నానమ్మ మెడ మెల్లగా తాత వైపు తిరిగింది. “నువ్వు చెప్పినట్టా?”

తప్పించుకునే దారి తలుపులా బార్లా తెరిచి ఉంది, తాత అందులోంచి దూరాడు. “పొయ్యికి దూరంగా పెట్టుంటావు” అన్నాడు.

“మూడడుగులే. కొలిచి పెట్టాను.”

“అయితే కర్రలో తేమ ఉండుంటుంది.”

“అంతే అయుంటుంది” అన్నాడు డాక్టరు, నిజంగా నమ్మి. “క్షమించండి లెటీ గారూ.”

నానమ్మ నన్ను చూసింది. “నువ్వేమైనా అంటావా ట్రూడీ?”

“నోట్లో రొట్టె ఉంది నానమ్మా” అన్నాను. నిజంగానే ఉంది.

ఆవిడ బల్ల మీద తుపాకీ చుట్టూ పడ్డ కాగితం ముక్కలు ఏరింది. ఒకటి వేలికి అంటుకుని రాలేదు. దాన్ని అలాగే ఉంచుకుని, “సోమవారం నేను కొండెక్కను. మీరు వెళ్లండి” అంది. ముగ్గురు పిల్లల్ని కన్నా, మోకాలికి ఆపరేషను చేయించుకున్నా నలభై ఒక్క ఏళ్లలో ఆ మాట ఆవిడ నోటి నుంచి రాలేదు.

తాత తుపాకీ తీసుకుని కిందికి దిగిపోయాడు. నేను వెనకే వెళ్లాను. టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి తుడిస్తే పిల్లి వెంట్రుకలు పోయాయి, వాతావరణమూ పోయింది. కానీ గీతలు ఉన్నాయే, ఆ సన్నగీతలన్నిట్లోనూ బంక దిగి కూర్చుంది. తాత తన ముతక కుంచె తీసి రుద్దాడు. ఓ గడి కొస చిట్లిపోయింది. ఇసుక రేణువంత. తాత కుంచె కింద పెట్టేశాడు.

దీపం దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూశాడు. స్కేలు తీయలేదు. తీయకుండానే “ఇరవై నాలుగు” అన్నాడు, రోగం పేరు చెప్పినట్టు. నానమ్మ చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసుకుని గీతలు అక్కడికి తగ్గట్టు వంచి చెక్కాడు డాక్టరు. అరిగిపోయిన చోట పాత గీత వాలును వెతికి పట్టుకుని, దాన్నే అనుసరించాడు. తాత కొస లేని వేలితో ఆ వంపును తడుముతూ ఉండిపోయాడు.

“ఇది నా వల్ల కాదే” అన్నాడు చివరికి.

“మరి డాక్టర్ని అడగాలి.”

“ఊరుకో.”

“అడిగితే ఎందుకు అంటుకుందో చెప్పాలి.”

“ఊరుకోమన్నానా?”

మర్నాడు పొద్దున నానమ్మ పండగ టర్కీ కోడిని పొయ్యిలో పెడుతుంటే, తాత గడ్డం గీసుకుని, చర్చి చొక్కా తొడుక్కుని, పళ్లు పెట్టుకుని, తుపాకీని దుప్పట్లో చుట్టుకుని రోడ్డు దాటాడు. నన్ను రావద్దన్నాడు. నేను వెళ్లాను.

డాక్టరు పని చేసుకునేది గ్యారేజీలో. ఆసుపత్రి మూసినప్పుడు పాత కుర్చీని పారేయలేక అక్కడికి తెచ్చుకున్నాడు. వెనక్కి వాలే కుర్చీ, మీద వంగే దీపం, పక్కన పళ్లెంలో వరసగా సన్న కొక్కేలు. రోగి కూర్చునే చోట ఇప్పుడు తుపాకులు పడుకుంటాయి.

తాత గుమ్మంలోనే చెప్పేశాడు. “పచ్చి నూనె ఆరదు. ఆరదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.”

డాక్టరు చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. “ఎందుకు?”

“క్లైడ్ నీ దగ్గరికి వచ్చాడు. అందరూ నీ దగ్గరికే వస్తున్నారు. నాలుగేళ్ల కిందట నీకు ఉప్పుకాగితం ఏ వైపు గరుకో తెలీదు.” గొంతు పెరిగింది, మళ్లీ తగ్గింది. “లెటీ నీ గీతల మీద వేలు పెట్టి నచ్చాయంది. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. నా పని మీద ఎప్పుడూ అలా వేలు పెట్టలేదు.”

“పెట్టడానికి, నానమ్మ తుపాకీ మీద నీ పని ఎక్కడుంది తాతా?” అన్నాను.

తాత నా వైపు తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

డాక్టరు చాలాసేపు కొక్కేల పళ్లెం వంక చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. “ఈ పని మీద నా దగ్గరున్న అచ్చు పుస్తకంలో వద్దనే ఉంది. పచ్చి నూనె వాడొద్దని గీత గీసి మరీ రాశారు. పుస్తకం మూసేశాను. మీరు చెప్పారు కదా” అన్నాడు.

మా తాత తల దించుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

తరువాత డాక్టరు దీపం వేసి, కుర్చీ వెనక్కి వాల్చి, తుపాకీని తాత చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆయనా అర తెరిచి చూశాడు, తాత నేర్పిన పద్ధతే కదా. “మీరు ఆ వైపు నిలబడండి. నేను బంక తీస్తాను, మీరు టర్పెంటైన్‌తో తుడుస్తూ రండి. నోరు తెరవొద్దు” అన్నాడు.

“పళ్ల డాక్టరు మనిషిని నోరు తెరవొద్దనడం ఇప్పుడే వింటున్నా” అన్నాడు తాత.

“తెరిస్తే సలహా ఇస్తారని.”

ఊళ్లోవాళ్ల పళ్ల సందుల్లో ముప్పై ఏళ్లు తిరిగిన కొక్కెం ఒక్కో గీతలోకి దిగి, బంకను సన్న దారంలా లాగుతోంది. ఒక్క గడి చెదరడం లేదు. తాత తుడుస్తున్నాడు, చూస్తున్నాడు. చూసే చూపులో కుళ్లు పోలేదు. కుళ్లుతోపాటు ఇంకేదో వచ్చి కూర్చుంది. రెండు గంటలు దాటాక డాక్టరు తల ఎత్తకుండానే అన్నాడు.

“గొట్టం కూడా నేనే చేస్తానన్నాను, తెలుసా?”

“మరి చెయ్యలేదేం? తుప్పు చుక్కలు అలాగే ఉన్నాయి.”

“లెటీ గారు ఒప్పుకోలేదు. ‘కర్ర నువ్వు చెయ్యి. ఇనుము ఆర్లన్‌ది. దాని మీద చెయ్యి వేశావంటే నీ పళ్లు నేనే పీకుతా’ అన్నారు.”

తాత గుడ్డ ఆగింది. “అలా అందా?”

“ఈ గ్యారేజీలోనే అన్నారు. అదిగో, అక్కడ నిలబడి.”

తాత నవ్వాడు. డాక్టరు చేసిన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

మూడింటికి టర్కీ చల్లారిపోతోందని నానమ్మే వచ్చింది, పళ్లేలు గుడ్డ కప్పి పట్టుకుని. కుర్చీలో పడుకున్న తుపాకీని చూసింది. చిట్లిన గడి చోటు చూసింది. బంక పోయిన గీతల మీద బొటనవేలు పెట్టింది.

“నిజం ఎవరు చెప్పారు?”

“నేనే” అన్నాడు తాత.

“ఎన్నోసారికి?”

తాత లెక్కపెట్టుకున్నాడు. “మూడోసారికి.”

“తినండి” అంది. డాక్టరుకు పెద్ద ముక్క వేసింది. తాత ఆ ముక్కనూ తన ముక్కనూ మార్చి మార్చి చూసుకున్నాడు, తరువాత తిన్నాడు.

నెల పని అయినంత మటుకైనా చేద్దామని ఆ నాలుగు రోజులూ కాచిన నూనె, పూటకు మూడు చుక్కల చొప్పున తాతే రుద్దాడు. అరచేతి మొదలు ఎర్రబడి పొక్కింది. సోమవారం పొద్దున వడగళ్లు కలిసిన వాన. నానమ్మ తుపాకీ భుజాన వేసుకుని ఎప్పటిలా కొండెక్కింది. కర్ర మీద చినుకులు నిలవకుండా జారిపోతున్నాయి. మధ్యాహ్నం ఖాళీ చేతులతో దిగింది. తాత తన వేట మానుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

“కనబడిందా?”

“ఒకటి. చిన్నది. పోనిచ్చా.”

“మరి తుపాకీ?”

“చేతికి అంటుకోలేదు” అంది నానమ్మ. బూట్లు విప్పుకుని లోపలికి పోయింది. మా ఇంట్లో దాన్ని మెచ్చుకోలు అంటారు.

జనవరిలో వారం రోజులు మా పొయ్యి మీద చిక్కుడుకాయలు ఉడకలేదు. నానమ్మ గొట్టం ఒక్కటే ఉడికింది. తాత ఇంకెవరి పనీ ముట్టలేదు. క్లైడ్ వచ్చి తలుపు తడితే ‘నాకు తీరిక లేదు, డాక్టరు దగ్గరికి పో’ అన్నాడు, ఆ మాట అనడానికి మూడు నెలలుగా కాచుకున్నవాడిలా. ఏడో రోజు గొట్టాన్ని కిటికీ వెలుతురులో పెట్టి నానమ్మను పిలిచాడు. ఆవిడ వచ్చి, చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుని, బొటనవేలు ఆనించింది. ఆ నీలం మీద వేలు అటు నుంచి ఇటు పోయింది, ఇటు నుంచి అటు పోయింది. పొయ్యి ఖాళీ అయిందని చిక్కుడుకాయలు ఎక్కించడానికి పోయింది. నేను ‘వేలు రెండుసార్లు రాసింది, డాక్టరుకు ఒక్కసారే’ అని తరువాత తాతకు గుర్తుచేశాను. ‘లెక్కపెట్టావా?’ అన్నాడు ఆశగా.

మళ్లీ అక్టోబరులో ఫైర్‌హాల్ బల్ల మీద ఆ తుపాకీ పెట్టారు. జనం మూగారు. తాత పక్కనే నిలబడి, మోచెయ్యి సరిగ్గా గీతల మీద ఆనించుకుని, “గొట్టం చూడండి, గొట్టం” అంటున్నాడు. డాక్టరు అటువైపు నుంచి ఆ మోచేతిని మర్యాదగా రెండు వేళ్లతో పట్టి పక్కకు జరిపాడు. తాత మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాడు. సాయంత్రమంతా అదే పని.

ఇదంతా రాసుకుని నేలమాళిగలోకి దిగి, తాత పనిచేసుకుంటుంటే పక్కన కూర్చుని మొదటి నుంచీ చదివి వినిపించాను. కుళ్లు అన్న మాట దగ్గర ఏమైనా అంటాడేమోనని ఆగాను. అనలేదు. చదవడం అయిపోయాక, ‘ఏమైనా మార్చమంటావా తాతా?’ అని అడిగాను. ఉప్పుకాగితం పక్కన పెట్టి, కళ్లజోడు పైకి తోసుకుని అన్నాడు:

“జింకల సంగతి నిజమే. పచ్చి నూనె సంగతీ ఉంచుకో. వాడి గీతలు నావాటికంటే సన్నం అని రాశావు చూడు, అదొక్కటీ కొట్టెయ్.”